కస్కా వాళ్ళ పిల్ల

1989 సెప్టెంబర్ 1

బడి తెరిచారు. ఆవరణంతా తెల్ల రిబ్బన్లు, చేతుల్లో పూలు. మా చిన్నది నాజిమ్ మూడో తరగతికి వచ్చింది, దాని జడలు నేనే వేశాను. పెద్దది గౌహర్ దగ్గరికి దువ్వెన పట్టుకుని వెళితే, "అమ్మ వేసేసింది, ఉల్జాన్" అంది. అత్తగారిని నేను ఆపా అంటాను. గౌహర్ అమ్మా అంటుంది. నన్ను మాత్రం పేరు పెట్టి పిలుస్తుంది. తొలిచూలు బిడ్డ నానమ్మ బిడ్డ, మాలో అందరిళ్ళలోనూ అంతే. ఇందులో రాయడానికేమీ లేదు.

ఒకటో తరగతి వరసలో ఒక పిల్లకి రిబ్బను నెత్తి మీద కాకుండా నుదుటి మీదికి దించి కట్టారు, దీపం బుడ్డికి గుడ్డ చుట్టినట్టు. చూసి నవ్వుకున్నాను.

సెప్టెంబర్ 6

ఆ పిల్ల పేరు అక్‌మరాల్. పంపు దగ్గర నీళ్ళు తాగుతుంటే రిబ్బను జారింది. దాని కింద తెల్ల పాయ.

నేనే మళ్ళీ కట్టాను. ముడి సరిగ్గా పడలేదు.

సెప్టెంబర్ 7

పాఠం రాసుకున్నట్టు రాసుకుంటాను. అలా రాస్తే కంగారు తగ్గుతుంది.

మా ఆయన వాళ్ళని ఈ ఊళ్ళో కస్కా వాళ్ళంటారు. నుదుట తెల్లమచ్చ ఉన్న గుర్రం కస్కా. మామగారికి నుదుటి పైన వేలెడు వెడల్పున తెల్ల వెంట్రుకలు ఉండేవి, పుట్టుకతోనే. ఆయన పోయి పదేళ్ళు. మరిది జాన్‌బొలాత్‌కి ఉండేది. వాడు పెళ్ళి కాకుండానే అఫ్గాన్ యుద్ధం నుంచి జింకు శవపెట్టెలో వచ్చాడు, ఆ పెట్టె మూత తెరవనివ్వలేదు. మిగిలింది మా ఆయన ఎర్మెక్ ఒక్కడే.

ఇది బహిర్గత లక్షణం. ఒంట్లో ఉంటే పైకి కనబడి తీరుతుంది, ఒక తరం దాక్కుని ఇంకో తరంలో బయటపడటం ఉండదు. తల్లికో తండ్రికో లేకుండా బిడ్డకి రాదు. ఉన్నవాడికి పుట్టే ప్రతి బిడ్డకీ సగం అవకాశం. నాకు రెండుసార్లూ రాలేదు. గౌహర్ పుట్టినప్పుడు ఆపా టోపీ వెనక్కి జరిపి చూసి, "సరేలే, తొలిదేగా" అంది. నాజిమ్ పుట్టినప్పుడు టోపీ జరిపి చూసింది, ఏమీ అనలేదు. రాని బిడ్డకి పుట్టబోయే వాళ్ళకీ రాదు. అంటే నాతో ఈ వంశంలో ఆ పాయ ఆగిపోయింది.

ఎవరితోనో ఆగలేదన్నమాట.

ఎవరికీ లేకుండా కొత్తగా పుట్టుకురావడం కూడా ఉంటుంది. లక్షల్లో ఒకరికి. ఆ ఒక్కరూ వచ్చి మా ఊళ్ళోనే బళ్ళో చేరాలా?

సెప్టెంబర్ 9

స్టాఫ్‌రూంలో చెప్పుకుంటుంటే విన్నాను. నేను అడగలేదు. తల్లి పేరు జిబెక్. అల్మాటీ నుంచి ఆగస్టులో వచ్చింది. టైలరింగ్ షాపులో పని. రైల్వే క్వార్టర్ల వెనక ఒక గది. మొగుడు పోయాడట.

ఎర్మెక్ రొట్టెల వ్యాను రోజూ రైల్వే క్వార్టర్లకి వెళుతుంది. ఊరంతా వెళుతుంది, అక్కడికీ వెళుతుంది.

సెప్టెంబర్ 10

నాకు అసూయ లేదు. జీవశాస్త్రం చెప్పేదాన్ని. ఇలాంటివి నాకు కాక ఎవరికి కావాలి?

సెప్టెంబర్ 23

షాపుకి వెళ్ళి చలికాలానికి గౌను కుట్టమన్నాను. బట్ట ఆపా పెట్టెలోది.

జిబెక్ నాకన్నా చిన్నది. ముప్పై ఉండవు. అందగత్తె కాదు. అందగత్తె అయితే నాకు తేలికగా ఉండేది. చేతులు చురుకైనవి, టేపు నడుం చుట్టూ ఎప్పుడు వేసిందో తెలియలేదు.

"ఊపిరి బిగబట్టకండి టీచర్. ఇప్పుడు మీరు బిగబడితే రేపు గౌను మిమ్మల్ని బిగబడుతుంది."

"మీ పాప చక్కగా చదువుతోందట. జుట్టు ఎవరి పోలిక?"

నోట్లో గుండుసూదులు ఉన్నాయి. ఒక్కొక్కటే తీసి మెత్తకి గుచ్చింది. నేను ఆగాను.

"వాళ్ళ నాన్న పోలిక."

"ఆయన..."

"లేడు. చెయ్యి పైకెత్తండి."

ఎత్తాను.

అక్టోబర్ 1

గౌను వచ్చింది. బాగా కుదిరింది. నా ఒక భుజం కాస్త కిందికి ఉంటుందని ఇన్నేళ్ళలో ఏ దర్జీ కనిపెట్టలేదు. ఆవిడ కనిపెట్టి, లోపల మెత్త వేసి సరిచేసింది. మంట పుట్టింది నాకు.

ఎర్మెక్ చూసి "బాగుంది" అన్నాడు. ఎవరు కుట్టారని అడగలేదు. తెలియనివాడైతే అడిగేవాడు. కానీ ఇదివరకు కుట్టించుకున్న వాటికీ అడగలేదు.

అక్టోబర్ 8

ఆదివారం. నాజిమ్ చెప్పింది, నాన్న అక్‌మరాల్ వాళ్ళకి బొగ్గు వేస్తున్నాడని. ఉప్పు అయిపోయిందని చెప్పి బయటికి వెళ్ళాను. ఉప్పు కొట్టు ఇటు. రైల్వే క్వార్టర్లు అటు.

పెంకుల షెడ్డు ముందు బొగ్గు రాశి. ఎర్మెక్ పార పట్టుకుని ఉన్నాడు, మొహమంతా మసి. ఆ పిల్ల వాడి భుజాల మీద కూర్చుని వాడి తల తడుముతోంది. రెండు తెల్ల పాయలు, ఒకదాని పైన ఒకటి. జిబెక్ గుమ్మంలో నిలబడి ఏదో అంది. ఎర్మెక్ పగలబడి నవ్వాడు.

మా ఇంట్లో నవ్వుతాడు. నవ్వడని కాదు. కానీ అలా తల వెనక్కి వేసి కాదు.

నాజిమ్‌ని భుజాల మీద ఎప్పుడు ఎక్కించుకున్నాడో గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాను. ఉప్పు కొనకుండానే ఇంటికి వచ్చేశాను. ఆపా అడిగితే కొట్టు మూసి ఉందన్నాను.

అక్టోబర్ 20

తొమ్మిదో తరగతికి అనువంశికత మొదలుపెట్టాను. నున్న బఠానీ, ముడతల బఠానీ. రెండూ కలిపితే మొదటి తరం అంతా నున్నవే. ముడత పోయిందనుకుంటాం. పోదు, లోపల ఉంటుంది. వాటిలో వాటిని కలిపితే నాలుగింట ఒకటిగా మళ్ళీ బయటికి వస్తుంది.

వెనక బెంచీ మరాత్ లేచాడు. "టీచర్, మా నాన్న కోపం బహిర్గతమా?"

"అవును. మీ అమ్మ ఓర్పు అంతర్గతం. రెండు వైపుల నుంచీ వస్తే గానీ కనబడదు. నీకు ఒక వైపు నుంచి కూడా వచ్చినట్టు లేదు."

క్లాసు నవ్వింది. ఆ నవ్వులోనే ముందు బెంచీ పిల్ల అడిగింది. "మరి కస్కా వాళ్ళ పాయ మీ పిల్లలకెందుకు రాలేదు టీచర్?"

"నాణెం ఎగరేస్తే రెండుసార్లూ బొరుసే పడొచ్చు."

"ఒకటో తరగతి పాపకి బొమ్మ పడిందా?"

ఎవరూ నవ్వలేదు. నేను బోర్డు తుడిచాను. బోర్డు మీద ఏమీ లేదు.

నవంబర్ 3

రక్తం గ్రూపుల పాఠం. మొదటిది ఓ, రెండోది ఏ, మూడోది బీ, నాలుగోది ఏబీ. రెండో గ్రూపుదీ మూడో గ్రూపుదీ జన్యువులు రెండూ పైకి కనబడేవే. రెండూ కలిసి వస్తే నాలుగో గ్రూపు. రెండూ రాకపోతే మొదటి గ్రూపు. నన్నే ఉదాహరణగా చెప్పాను. నాది మొదటిది, మా ఆయనది నాలుగోది. పిల్లలు ఇద్దరూ వాళ్ళ నాన్న దగ్గర చెరొకటి పంచుకున్నారు, ఒకరికి రెండోది, ఒకరికి మూడోది. నా గ్రూపు ఎవరికీ రాదు, రావడానికి వీలే లేదు. బోర్డు మీద గళ్ళు గీసి చూపిస్తే పిల్లలు ముచ్చటపడ్డారు.

ఇద్దరిలో ఒక్కదానికీ రాదు. ఎన్నిసార్లు చెప్పానో ఈ పాఠం. ఎప్పుడూ ఇలా అనిపించలేదు.

నవంబర్ 8

సెలవు. ఆపా గౌహర్‌ని తీసుకుని చుట్టాలింటికి వెళ్ళింది. ఎర్మెక్ అంట్లు తుడుస్తున్నాడు. అడిగేశాను.

"ఆ పిల్ల ఎవరిది?"

ఏ పిల్ల అని అడగలేదు. "నాది కాదు."

"పాయ ఎక్కడి నుంచి వచ్చింది మరి? పాఠం చెప్పమంటావా?"

"పాఠాలు బళ్ళో చెప్పు. నేను మాటిచ్చాను ఉల్జాన్. అడగకు."

"ఎవరికి ఇచ్చావు? ఆవిడకా?"

"ఆవిడకీ."

పళ్ళెం తుడిచి అలమరలో పెట్టాడు. ఎప్పుడూ పెట్టే చోట కాదు.

నవంబర్ 9

ఆవిడకీ. ఆ "కీ" ఏమిటి?

నవంబర్ 26

ఏమీ లేదు. మంచు పడింది.

డిసెంబర్ 24

బళ్ళో కొత్త సంవత్సరం చెట్టు పండుగ శుక్రవారం. నాజిమ్ పద్యం చెబుతుంది. ఆపాని తీసుకువెళతాను. చలికి బయటికి రానంటోంది. మనవరాలి పద్యం వినకపోతే ఎలా అన్నాను. నాజిమ్ పద్యం కోసమే. అంతకుమించి ఏమీ లేదు.

డిసెంబర్ 29

ఒకటో తరగతి ఆడపిల్లలంతా మంచు రేకుల వేషంలో ఉన్నారు. వాళ్ళకి కిరీటాలు పెట్టే పని నేను అడిగి తీసుకున్నాను. అట్ట కిరీటాలు, వెండి కాగితం. అక్‌మరాల్ నా ముందు కళ్ళు మూసుకుని నిలబడింది. రిబ్బను విప్పాను. "అమ్మ తీయొద్దంది" అంది. "కిరీటం పెట్టుకుంటే రిబ్బను ఉండదు కదా" అన్నాను. జుట్టంతా వెనక్కి దువ్వి, కిరీటం బాగా వెనక్కి పెట్టాను. పాయ దీపాల కింద మెరిసింది.

ఆపా రెండో వరసలో, ఎర్మెక్ పక్కన కూర్చుంది. నేను వేదిక చూడలేదు. ఆపా మొహమే చూస్తున్నాను. ఎర్మెక్ వైపు తిరుగుతుంది, అందరి ముందూ కడిగేస్తుంది అనుకున్నాను.

ఆపా ఎర్మెక్ వైపు తిరగనే లేదు. లేచి, పాట మధ్యలోనే వేదిక దగ్గరికి నడిచి, ఆ పిల్ల గడ్డం పట్టుకుంది.

"మీ చెయ్యి చల్లగా ఉంది" అంది పిల్ల.

"నీ పేరేంటమ్మా?"

పిల్ల కింది పెదవి లోపలికి లాక్కుంది. ఆపా అక్కడే, వేదిక మెట్టు మీద, కూలబడిపోయింది. ఎక్కడి నుంచి వచ్చిందో జిబెక్ వచ్చి పిల్లని చంకనేసుకుని, కోటు కూడా తొడగకుండా బయటికి వెళ్ళిపోయింది. వెళుతూ నన్ను చూసింది.

నాజిమ్ పద్యం ఎవరూ వినలేదు.

డిసెంబర్ 30

"అది జాన్‌బొలాత్ కూతురు" అంది ఆపా పొద్దున టీ దగ్గర.

నాకు నవ్వొచ్చింది. "బతికున్న కొడుకుని కాపాడుకోవడానికి పోయిన కొడుకు మీద వేస్తున్నారా ఆపా?"

"కోపం వస్తే వాడు కూడా అలాగే పెదవి లోపలికి లాక్కునేవాడు. నేను పెంచాను వాణ్ణి. నువ్వు బఠానీలు పెంచు."

ఎర్మెక్ తల దించుకుని టీ తాగాడు. తల్లి తన మీద దుప్పటి కప్పితే వద్దంటాడా ఎవడైనా?

1990 జనవరి 4

ఆపా కొత్త బొంత కుట్టించింది. తన పరుపుకీ గౌహర్ పరుపుకీ మధ్య మూడో పరుపు వేయించింది. మిఠాయిల సంచి పట్టుకుని రైల్వే క్వార్టర్లకి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి సంచి సంచిలాగే ఉంది.

"తలుపేసింది నా మొహం మీద. పోయినవాడి బిడ్డ వాడి ఇంట్లో పెరగాలా, కుట్టుమిషను కింద పెరగాలా? ఆవిడ చిన్నది, ఇంకో మొగుణ్ణి చూసుకోవచ్చు. నేను ఇంకో జాన్‌బొలాత్‌ని కంటానా? పెద్దవాళ్ళని పిలిచి అడిగిస్తాను."

గౌహర్ ఆ మూడో పరుపు మీద పడుకుని చూసింది. "నాది కన్నా మెత్తగా ఉంది అమ్మా" అంది, ఆపాతో.

జనవరి 12

జిబెక్ ఊరు వదిలి వెళ్ళిపోయే ప్రయత్నంలో ఉందని స్టాఫ్‌రూంలో అన్నారు. మంచిదే. వెళ్ళనీ.

వెళితే తను కూడా వెనక వెళతాడా?

జనవరి 16

బడి వెనక దిబ్బ మీద నుంచి పిల్లలు బల్లల మీద కూర్చుని మంచులో జారుతున్నారు. అక్‌మరాల్ బల్ల తిరగబడి ఇనుప కంచెకి కొట్టుకుంది. ఏడవలేదు. లేవలేదు. మొహం సున్నంలా అయింది. నేనే ఎత్తుకుని పరిగెత్తాను, ఆసుపత్రి దగ్గరే. బరువే లేదు ఆ పిల్ల.

డాక్టరు ఫ్రిడా కార్లొవ్నా కడుపు నొక్కి చూసింది. లోపల ప్లీహం చితికింది, వెంటనే కొయ్యాలంది. రక్తం కావాలి, పిల్లది మొదటి గ్రూపు, అది నిండుకుంది, పెద్దాసుపత్రి ఉన్న తల్దికొర్గాన్ దారి మంచుకి మూసేశారు. జిబెక్‌ది రెండో గ్రూపు. అప్పటికే ఎర్మెక్ వచ్చాడు, వ్యాను తలుపు కూడా వేయలేదు, చొక్కా చేతులు మడుస్తూనే లోపలికి వచ్చాడు.

"నాది తీసుకోండి."

వేలు గుచ్చి చూసి, "నీది నాలుగోది. ఎక్కిస్తే చంపినట్టే. పక్కకి జరుగు" అంది ఫ్రిడా కార్లొవ్నా.

"నాది మొదటిది" అన్నాను. ఎవరు మాట్లాడారా అని నాకే అనిపించింది.

పక్క గదిలో పడుకోబెట్టారు. గొట్టంలో నా రక్తం వెళుతోంది. పైకప్పు చూస్తూ పడుకున్నాను. నాలుగో గ్రూపు వాడు ప్రతి బిడ్డకీ రెండోదో మూడోదో ఇచ్చి తీరాలి. మొదటి గ్రూపు బిడ్డ నాలుగో గ్రూపు వాడికి పుట్టదు. తల్లి ఎవరైనా పుట్టదు. నేను బోర్డు మీద గళ్ళు గీసి చెప్పిన పాఠమే.

జనవరి 17

మళ్ళీ గళ్ళు గీశాను. మళ్ళీ.

పిల్ల బతికింది.

జనవరి 18

ఫ్రిడా కార్లొవ్నాని పరీక్ష ఇంకోసారి చేయమన్నాను.

"పిల్లది రెండుసార్లు చూశాం. మీ ఆయనది సైన్యంలో ఒకసారి చూశారు, మొన్న నేను చూశాను. నీకేం కావాలి ఉల్జాన్? అతని గ్రూపు మారాలా?"

ఇన్ని నెలలు పెంచుకున్న కోపం. ఒక్క సూది పోటుతో దాన్ని తీసుకుపోతే నేను ఏం పట్టుకుని నిలబడాలి?

జనవరి 20

ఎర్మెక్ చెప్పాడు. పట్టపగలు, వ్యానులో, రొట్టెల వాసన మధ్య.

సైన్యానికి వెళ్ళేటప్పుడు స్టేషన్లో జాన్‌బొలాత్ చెప్పాడట. అల్మాటీలో ఒక అమ్మాయి ఉంది, కడుపుతో ఉంది, వచ్చాక పెళ్ళి చేసుకుంటాను, అప్పటిదాకా అమ్మకి చెప్పకు, నువ్వు చూసుకో. వాడు రాలేదు. ఎర్మెక్ వెళ్ళి ఆవిడని చూసుకున్నాడు. ఆవిడ అడిగింది ఒకటే, మీ అమ్మకి తెలియనివ్వకు, తెలిస్తే బిడ్డని తీసుకుపోతుంది అని. ఇప్పుడు తండ్రి సమాధి ఉన్న ఊళ్ళో పిల్ల పెరగాలనుకుని, భయపడుతూనే వచ్చింది.

"నాకెందుకు చెప్పలేదు? నేను ఆపాకి చెప్పేస్తాననా?"

"కాదు."

"మరి?"

స్టీరింగు మీద పేరుకున్న జిడ్డు గోటితో గీకాడు.

"గౌహర్‌కి పాలు మాన్పించిన రోజు అమ్మ వచ్చి ఎత్తుకెళ్ళింది. నువ్వు నా వైపు చూశావు. నేను గోడ వైపు చూశాను. నువ్వు ఆ తర్వాత ఏమీ అనలేదు. ఒక్క మాట కూడా. జిబెక్ బిడ్డని అమ్మ తీసుకోకుండా ఇన్నేళ్ళూ అబద్ధాలాడి కాపాడానని నీకు చెబితే, ఆవిడ కోసం చేసినవాడివి నా కోసం ఎందుకు చేయలేదని అడుగుతావు. నా దగ్గర జవాబు లేదు."

నేను అడగలేదు. దిగి, నడిచి ఇంటికి వచ్చాను.

జనవరి 21

దానితో పడుకున్నా బాగుండేది.

జనవరి 22

నిన్న రాసింది కొట్టేద్దామనుకున్నాను. కొట్టను. నిజమే అది. దానితో బిడ్డని కని ఉన్నా నయమే. దాన్ని తిట్టి, వీణ్ణి తిట్టి, నా దారి నేను చూసుకునేదాన్ని. కానీ ఆవిడ బిడ్డని ఆవిడకి మిగిల్చాడు. అది చేయగలిగినవాడే. చేతకానివాడు అనుకునే ఇన్నేళ్ళూ క్షమించాను.

జనవరి 30

గౌహర్ "ఉల్జాన్, నా మేజోళ్ళు ఎక్కడ?" అంది. వెతికి ఇచ్చాను. ఒక జత మేజోళ్ళు వెతకడానికి అంతసేపా అంది.

ఫిబ్రవరి 7

ఈ రోజు అక్‌మరాల్‌ని ఆసుపత్రి నుంచి పంపించారు. ఆపా పొద్దున్నే తెల్ల తలగుడ్డ కట్టుకుంది, వంశంలో పెద్దవాళ్ళు ఇద్దరిని పిలిపించింది. ఎర్మెక్‌ని వ్యాను తెమ్మంది. పిల్లని ఆసుపత్రి గుమ్మం నుంచి నేరుగా ఇంటికే తెచ్చేయాలని.

నేను ముందే వెళ్ళాను. జిబెక్ వరండాలో బెంచీ మీద కూర్చుని ఉంది, ఒక పక్క పిల్ల, ఒక పక్క మూట. రైలుకి వెళ్ళిపోదామని. కుట్లు పచ్చిగా ఉన్న పిల్లతో రైలు. నన్ను చూసి లేచింది.

"చూపించారుగా అందరికీ. ఇంకా ఏం కావాలి టీచర్?"

"కూర్చో" అన్నాను. నేను గుమ్మంలో నిలబడ్డాను.

వాళ్ళు వచ్చారు. ఆపా ముందు, వెనక ఆ ముసలాళ్ళు ఇద్దరూ, వాళ్ళ వెనక ఎర్మెక్.

"జరుగు కోడలా."

"జరగను ఆపా."

"నీకేం సంబంధం? నీ పిల్లా?"

"నా పిల్ల ఉంది మీ గదిలో. నన్ను పేరు పెట్టి పిలుస్తుంది. మీరు ఎత్తుకెళ్ళిన రోజు నాకు పాలు ఇంకా కారుతూనే ఉన్నాయి. నేను నోరెత్తలేదు. అప్పుడు ఎత్తాల్సింది ఇప్పుడు ఎత్తుతున్నాను."

ముసలాళ్ళలో ఒకాయన దగ్గాడు. "ఆడవాళ్ళ గొడవల్లో..." అంటూ టోపీ సర్దుకున్నాడు.

ఆపా మొహం నల్లబడింది. తిడుతుందనుకున్నాను. గొంతు తగ్గించి, నాకు మాత్రమే వినబడేలా అంది.

"ఎర్మెక్ నా తొలిచూలు. మా అత్తగారు తీసుకున్నారు. ఆవిడ పోయేదాకా వాడు నన్ను అమ్మా అనలేదు. జాన్‌బొలాత్ ఒక్కడే నా చేతుల్లో పెరిగాడు."

నాకు తెలియదు. ఎర్మెక్ ఎప్పుడూ చెప్పలేదు. ఆపా కూడా. ఈ ఇంట్లో ఎవరూ ఏమీ చెప్పరు.

"అంత తెలిసి గౌహర్‌ని ఎందుకు తీసుకున్నారు ఆపా?"

"నా వంతు వచ్చిందనుకున్నాను."

ఆపా వెనక్కి తిరిగింది. "ఎర్మెక్, నువ్వు చెప్పు. నీ తమ్ముడి బిడ్డ."

ఎర్మెక్ గోడ వైపు చూశాడు. తర్వాత నా వైపు చూశాడు.

"ఉల్జాన్ చెప్పిందే నా మాట అమ్మా."

ఆలస్యంగా అన్నాడు. పన్నెండేళ్ళు ఆలస్యం. అయినా అన్నాడు.

"అయితే నేనేం చెయ్యాలి?" అంది ఆపా. నిజంగానే అడిగింది. "చూడకుండా చచ్చిపోవాలా?"

"వాళ్ళింటికి వెళ్ళండి. తలుపు తట్టండి. తీస్తే బూట్లు విప్పి కూర్చోండి. టీ ఇస్తే తాగండి. తాగి ఇంటికి రండి."

వెనక నుంచి జిబెక్ మెల్లగా అంది. "నేను తీస్తాను."

ఫిబ్రవరి 19

ఆపా వెళ్ళింది. తాగింది. వచ్చింది. కొత్త బొంత అక్కడ ఇచ్చేసి వచ్చింది.

మూడో పరుపు ఇంకా ఆపా గదిలోనే ఉంది. నేను తీయలేదు. నేనెందుకు తీయాలి?

మార్చి 4

జిబెక్ నాకు "అక్కా" అనడం మొదలుపెట్టింది. వినడానికి బాగాలేదు. అలవాటైతే బాగుంటుందేమో. కిరీటం సంగతి ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఎత్తి నాలుగు తిట్టినా బాగుండును.

మార్చి 22

నౌరుజ్, వసంతంలో వచ్చే మా కొత్త సంవత్సరం. రెండేళ్ళ నుంచే మళ్ళీ బాహాటంగా చేసుకుంటున్నాం ఈ పండుగ. జిబెక్ వాళ్ళని భోజనానికి పిలిచాం. ఆపా పిలిచింది, నేను వండాను.

అక్‌మరాల్‌కి రిబ్బను లేదు. ఆపా పక్కన కూర్చుని ఆవిడ తలగుడ్డ కింద వెంట్రుకలు చూసి, "మీకు కూడా ముందు ఒక్క పాయే ఉండి, తర్వాత అంతా పాకిందా?" అని అడిగింది. ఎర్మెక్ నవ్వాడు. తల వెనక్కి వేసి. మా ఇంట్లో, మా బల్ల దగ్గర. ఆ నవ్వుకి నాకు ఏమీ అనిపించలేదని రాయాలని ఉంది. అనిపించింది. జిబెక్ వైపు చూసి నవ్వాడా, పిల్ల వైపు చూసి నవ్వాడా అని కూడా చూశాను. ఇది పోదేమో నాలోంచి.

తర్వాత ఆ పిల్ల అందరికీ చెప్పింది. "నాలో ఉల్జాన్ టీచర్ రక్తం ఉంది. అందుకే నాకు లెక్కలు వస్తున్నాయి."

"రక్తం ఎక్కిస్తే లెక్కలు రావు. ఆ రక్తం ఈపాటికి అరిగిపోయి ఉంటుంది" అన్నాను. అది నమ్మలేదు.

గిన్నెలు తీస్తుంటే గౌహర్ వంటింట్లోకి వచ్చింది. మామూలుగా రాదు. గుమ్మానికి ఆనుకుని నిలబడి, మొహం మాడ్చుకుని, గోరుతో సున్నం గీకుతోంది.

"దానికి సీసా నిండా రక్తం ఇచ్చావా?"

"ఇచ్చాను."

"నాకెప్పుడూ ఇవ్వలేదు."

అసూయ. ఆ మొహంలో ఎంత అసూయ. అద్దంలో చూసుకున్నట్టే ఉంది. ఇన్ని నెలల్లో నాకు ఇంత సంతోషం ఎన్నడూ కలగలేదు. చేతులు తుడుచుకున్నాను.

"నీకు సీసాతో ఇవ్వక్కర్లేదు. నీలో సగం నేనే."

గీకడం ఆపింది. నమ్మాలో వద్దో తెలియనట్టు తన చేతులు తిప్పి చూసుకుంది, ముందు వైపు, వెనక వైపు.

"ఏ సగం?" అంది.

టీ కాచే సమోవార్‌లో నీళ్ళు మరుగుతున్నాయి. ముందు గదిలోంచి ఆపా టీ ఏదని కేకేస్తోంది. గౌహర్ కదలలేదు. నేనూ కదలలేదు. బల్ల మీద పిండి చల్లి, వేలితో నాలుగు గళ్ళు గీసి, చెప్పడం మొదలుపెట్టాను.